ఇన్‌సైడ్ లూయిన్ డేవిస్: రెండోసారి చూపిస్తున్నం, దేని మీద కన్నేయమని చెప్పాలె?

రీలు_తిరుగుతది

అందరికీ నమస్తే. హన్మకొండల మా చిన్న ఫిల్మ్ క్లబ్బు తరఫున కోయెన్ అన్నదమ్ములు 2013ల తీసిన 'ఇన్‌సైడ్ లూయిన్ డేవిస్' వేస్తున్నం. ఒక శనివారం ఒకసారి, మళ్ల శనివారం అదే సినిమా ఇంకోసారి. 40 కుర్చీల హాలు. వచ్చేటోళ్లల్ల సగం మంది జానపద సాహిత్యం చదువుకునే పిల్లలు, నలుగురైదుగురు ఒగ్గుకథ, బుర్రకథ చెప్పేటోళ్లు. అమెరికా పాటలు వాళ్లకు తెల్వకపోవచ్చు గని, పాట అంటే ఏందో మనకంటె వాళ్లకే ఎక్కువ ఎరుక.

చూడనోళ్ల కోసం రెండు ముక్కలు. 1961 ఫిబ్రవరి, న్యూయార్క్‌ల గ్రీనిచ్ విలేజ్. లూయిన్ అనే పాటగాడు గడ్డకట్టే చలిల సరైన కోటు సుత లేకుంట, ఒక చేతిల గిటారు, ఇంకో చేతిల ఎవరిదో పిల్లి పట్టుకొని ఈ ఇంట్ల ఒక రాత్రి, ఆ ఇంట్ల ఒక రాత్రి పండుకుంట తిరుగుతడు. షికాగో పోయి వస్తడు. వారం గడుస్తది, ఏం మారదు. మొదటిసారి చూసినోళ్లు 'అయితే ఏంది?' అని లేచిపోతరు. రెండోసారి చూసినోళ్లు సినిమాను ఇడిసిపెట్టరు. అందుకే రెండు ఆటలు పెట్టినం.

నాకు తెల్వాల్సినవి ఇవి. లూయిన్ మొదట్ల తినే తన్నులు, ఆఖర్ల తినే తన్నులు ఒకటేనా, వేరు వేరా? పాటలు ఒక్కటి కూడా కోయకుంట మొత్తం ఎందుకు పెట్టిండ్రు? ఆ పిల్లి లెక్కేంది? ఇంటర్వెల్ ఇయ్యాల్నా? రెండో ఆటకు ముందు జనానికి ఏం చెప్పాలె, ఏం చెప్పొద్దు?

కాజీపేట_జంక్షన్

తన్నుల సంగతి ముందు తేల్చేద్దాం. రెండూ ఒకటే రాత్రి, ఒకటే సందు, ఒకటే మనిషి. కాలం గుండ్రంగా తిరగడం, మాయలు, మంత్రాలు ఏమీ లేవు. ఆఖరి రాత్రి జరిగినదాన్ని తీసుకొచ్చి మొదట పెట్టారు. అంతే.

మనం మోసపోయేది ఎక్కడంటే, సందులో తన్నులు తిని పడిపోయిన వెంటనే తెర మీద ఒక ఇంటి వసారాలో పిల్లి నడుచుకుంటూ వస్తుంది, లూయిన్ సోఫా మీద నిద్ర లేస్తాడు. రాత్రి తర్వాత పొద్దు వస్తుంది కాబట్టి అది మర్నాడే అనుకుంటాం. నిజానికి అది కొన్ని రోజుల ముందటి పొద్దు. దర్శకులు 'మర్నాడు' అని ఎక్కడా రాయలేదు, ఎవరిచేతా అనిపించలేదు. అబద్ధం చెప్పింది మన అలవాటే.

గుట్టు మాత్రం మొదటి ఐదారు నిమిషాల్లోనే బయటపెట్టారు. పాట అయ్యాక గ్యాస్‌లైట్ కెఫే నడిపే పాపీ, నిన్న రాత్రి నువ్వు చేసిన గోల తక్కువది కాదన్నట్టు మాట్లాడతాడు, వెనక సందులో నీ కోసం సూటేసుకున్న మనిషి ఉన్నాడంటాడు. మొదటిసారి ఆ 'నిన్న రాత్రి' మన చెవికి ఎక్కదు. ఎందుకంటే నిన్న రాత్రి ఏం జరిగిందో మనం ఇంకా చూడలేదు. ఆఖర్లో చూస్తాం: పల్లెటూరి నుంచి వచ్చి, ఒళ్లో ఆటోహార్ప్ అనే తీగల వాయిద్యం పెట్టుకుని పాడుతున్న ఒక ఆవిడను లూయిన్ నిండు సభలో నోటికొచ్చినట్టు అంటాడు. సూటు మనిషి ఆవిడ భర్త. సరే, లూయిన్ ఎందుకు అన్నాడు? అంతకు కొద్దిసేపటి ముందు పాపీ, జీన్ (లూయిన్ స్నేహితుడు జిమ్ భార్య, ఆమే పాటగత్తె) గురించి ఒక వెకిలి మాట జారాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, పాపీ మీది కోపం ఆ తల్లి మీద పడింది. ఈ వరస తెలిశాక మళ్లీ మొదటికి వెళ్లి, జీన్ పార్కులో లూయిన్‌ను తిట్టే ఘట్టం చూడండి. ఆమె కోపంలో సగం లూయిన్ మీద కాదని అప్పుడు తెలుస్తుంది.

రెండు పొద్దులను పక్కపక్కన పెట్టి చూడమని మీవాళ్లకు చెప్పండి. లూయిన్ స్నేహితులు గోర్ఫైన్ దంపతుల ఇల్లు, అదే సోఫా, అదే పిల్లి. మొదటి పొద్దున లూయిన్ బయటికి వస్తుంటే పిల్లి కాళ్ల సందులోంచి జారిపోతుంది, తలుపు దానంతట అదే పడిపోతుంది, ఇక మొదలు తిప్పలు. ఆఖరి పొద్దున కాలు అడ్డం పెట్టి ఆపుతాడు. వారం మొత్తంలో ఆ మనిషి దిద్దుకున్న తప్పు ఇదొక్కటే. మొదటిసారి చూసినప్పుడు ఈ ముక్క ఎవరికీ గుర్తుండదు, అరసెకను కూడా ఉండదు మరి.

ఇంకో తేడా ఉంది. మొదట్లో 'హ్యాంగ్ మి, ఓ హ్యాంగ్ మి' అనే ఉరి పాట ఒక్కటి కాగానే కోసేశారు. ఆఖర్లో దాని తర్వాత ఇంకో పాట కూడా పాడతాడు, అది వీడ్కోలు పాట. అతను సందులోకి వెళ్తుంటే వేదిక మీద ఉంగరాల జుట్టు కుర్రాడు ఒకడు కూర్చుని ఉంటాడు. బాబ్ డిలాన్. డిలాన్ న్యూయార్క్‌లో దిగింది 1961 జనవరిలో, కాబట్టి లెక్క సరిపోతుంది. వినిపించేది డిలాన్ సొంత గొంతే, పాట పేరు 'ఫేర్‌వెల్'. ఒకే రాత్రి, ఒకే వేదిక, ఇద్దరివీ వీడ్కోలు పాటలే. ఒకడు చరిత్రలోకి, ఒకడు చెత్తబుట్టల సందులోకి.

మొదటి ఆటకు ముందు ఏమీ చెప్పకండి. రెండో ఆటకు ముందు ఒక్క ప్రశ్న ఇచ్చి వదిలేయండి: ఈ వారంలో లూయిన్ సరిగ్గా చేసిన పని ఏది? కాలు అడ్డం పెట్టడం దగ్గర హాల్లో ఎంతమంది కదులుతారో మీకే వినపడుతుంది.

డక్కీ_దరువు

జంక్షన్ గారు చెప్పింది కథ వరస. నేను చెవి సంగతి చెప్తా. మీ హాలుకు బుర్రకథ వాళ్లు వస్తున్నారు కదా, వాళ్లకు ఒక్క ముక్క చాలు: ఇది వంత చచ్చిపోయిన కథకుడి సినిమా.

లూయిన్ ఒంటరి పాటగాడు కాదు. జంటలో సగం. రెండో సగం మైక్ టిమ్లిన్, సినిమా మొదలయ్యేలోపే జార్జ్ వాషింగ్టన్ వంతెన మీది నుంచి దూకి చనిపోయాడు. మైక్ ముఖం మనకు నటుడిగా ఎక్కడా కనపడదు, రికార్డులో గొంతు మాత్రం వినపడుతుంది (పాడింది మార్కస్ మమ్‌ఫోర్డ్). ఒక్క వీడ్కోలు పాట మూడుసార్లు వస్తుంది, ఆ మూడింటినే పట్టుకుని రెండోసారి సినిమా చూడండి.

మొదటిసారి గోర్ఫైన్ ఇంట్లో లూయిన్ రికార్డు పెడతాడు. రెండు గొంతులు. పాట నిండుగా, హుషారుగా ఉంటుంది. రెండోసారి అదే ఇంట్లో భోజనాల దగ్గర, అందరూ బలవంతం చేస్తే గిటారు తీస్తాడు. మధ్యలో ఇంటావిడ ప్రేమగానే మైక్ వరస అందుకుంటుంది. లూయిన్ పాట ఆపి ఆమె మీద విరుచుకుపడతాడు. మొదటిసారి చూసినవాళ్లకు ఇది పొగరు. రెండోసారి చూస్తే, చచ్చిపోయినవాడి పీట మీద ఇంకొకరు వచ్చి కూర్చున్నట్టు. మూడోసారి ఆఖరి రాత్రి, గ్యాస్‌లైట్‌లో. ఒక్క గొంతు. వంత రావాల్సిన చోట్లు ఖాళీగానే వదిలి, ఆ ఖాళీలతోనే పాట ముగిస్తాడు. ఇంత చిన్న మార్పు కోసం మొత్తం సినిమా ఎదురుచూసింది.

ఇప్పుడు మిగతా పాటలు వినండి. జిమ్, జీన్, ట్రాయ్ కలిసి 'ఫైవ్ హండ్రెడ్ మైల్స్' పాడితే మూడు గొంతులు, పైగా హాలంతా గొంతు కలుపుతుంది. లూయిన్ మాత్రం తిరిగి జనం మొఖాలు చూస్తాడు. స్వెటర్లు వేసుకున్న ఐరిష్ వాళ్లు నలుగురు, వాయిద్యం కూడా లేదు, నాలుగు గొంతులే. డబ్బుల కోసం స్టూడియోలో పాడే 'ప్లీజ్ మిస్టర్ కెనెడీ'లో అల్ కోడీ అనే పాటగాడిగా నటించిన ఆడమ్ డ్రైవర్ వేసే ఆ వింత కేకలు ఉన్నాయే, అది అచ్చం మన హాస్యపు వంత పనే. బుర్రకథలో ఒక వంత హాస్యం, ఒక వంత రాజకీయం అందుకుంటారు కదా; ఆ పాటలో రెండూ ఉన్నాయి, అంతరిక్షం రాజకీయం, కేకల హాస్యం. అంటే లూయిన్ చుట్టూ ఉన్న ఈ పాటలన్నింటికీ వంత ఉంది. తన పాటకే లేదు.

షికాగోలో గేట్ ఆఫ్ హార్న్ అనే క్లబ్బు యజమాని బడ్ గ్రాస్‌మన్ ముందు పాడే ఘట్టం ఇందుకే అంత కోస్తుంది. పాట మొత్తం విని, ఇందులో పెద్దగా డబ్బు కనపడడం లేదంటాడు. అందరికీ ఆ మాటే గుర్తుంటుంది. అసలు దెబ్బ దాని తర్వాత. నువ్వు ముందు నిలబడే మనిషివి కాదు, ఇద్దరు మగవాళ్లు ఒక ఆడమనిషితో ఒక బృందం కడుతున్నా, వరస కలుపుతావా అని అడుగుతాడు. నాకో జత ఉండేవాడు అంటాడు లూయిన్. అయితే మళ్లీ కలిసిపొమ్మని ఆయన సలహా. పాపం, ఆయనకు తెలియదు. తెలియకుండానే సరైన రోగం చెప్పి, దొరకని మందు రాసిచ్చాడు. (ఆ బృందం 1961లో ఆల్బర్ట్ గ్రాస్‌మన్ నిజంగా కట్టిన పీటర్, పాల్ అండ్ మేరీకి నీడ. గేట్ ఆఫ్ హార్న్ కూడా నిజంగా ఉన్న క్లబ్బే.)

అక్కడ పాడే పాట కూడా ఊరికే ఎంచలేదు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ భార్య జేన్ ప్రసవం కాక, నా కడుపు కోసి బిడ్డను తీయండని వేడుకునే పాత గాథ. బిడ్డ బతుకుతుంది, తల్లి పోతుంది. డబ్బున్న ఆసామి ముందు పరీక్షకు వెళ్లి ఇంత చావు పాట ఎవడైనా పాడతాడా? కానీ అప్పటికి అతని బుర్రలో కడుపులు, బిడ్డలు తప్ప ఏమున్నాయి? జీన్ కడుపు ఒకటి, తనకు చెప్పకుండానే పాత ప్రియురాలు ఏక్రన్ ఊళ్లో పెంచుతున్న బిడ్డ ఒకటి. తిరుగు దారిలో రాత్రిపూట ఏక్రన్‌కు తిరిగే మలుపు బోర్డు కనపడుతుంది. అతని చూపు దాని మీద నిలుస్తుంది. బండి తిప్పడు.

తండ్రి దగ్గర పాడే చేపల వేట పాట గురించి ఒక్క మాట. కథ వినేవాడు ఊ కొట్టాలి, అది మనకు తెలిసిందే. ముసలి సముద్రపు మనిషి ముందు సముద్రం పాట పాడుతున్నాడు కొడుకు, ఆ మొఖంలో ఏదో కదిలినట్టే ఉంటుంది. ఆ ఊ ఎట్లా వచ్చిందో మీరే చూడండి, చెప్తే పాడవుతుంది.

ఇక వాయిద్యం. లూయిన్ వాయించే పద్ధతిని ట్రావిస్ పికింగ్ అంటారు. కుడిచేతి బొటనవేలు లావు తీగెల మీద ఒకదాని తర్వాత ఒకటి, తాళం తప్పకుండా కొడుతూ పోవాలి. చూపుడు వేలు, మధ్యవేలు సన్న తీగెల మీద ఆ దెబ్బల మధ్య సందుల్లో వరస పలికించాలి. బుర్రకథకుడు తంబుర మీటుతూనే బొటనవేలి అందెతో తాళం వేస్తాడు కదా, ఆ ఒడుపే. చెయ్యి రెండు పనులు చేస్తుంటే నోరు మూడో పని చేయాలి. నేర్చుకునేవాళ్లు తప్పేది ఎప్పుడూ ఒకటే చోట: చరణం ఎత్తుకోగానే బొటనవేలు పాట నడక వెంట పడిపోతుంది, తాళం కుంటుతుంది. అందుకే ముందు వారం పది రోజులు బొటనవేలు ఒక్కటే, దాని మీద మామూలు మాటలు మాట్లాడుతూ సాధన చేయిస్తారు. లూయిన్‌గా నటించిన ఆస్కర్ ఐజాక్ నిజంగానే వాయిస్తూ పాడాడు, అది కూడా కెమెరా ముందే. పాటలు దాదాపు అన్నీ చిత్రీకరణలోనే రికార్డు చేశారు, ఐరిష్ వాళ్ల పాట తప్ప. చెవిలో తాళం వినిపించే క్లిక్ ట్రాక్ పెట్టలేదు. సంగీతం చూసుకున్న టి-బోన్ బర్నెట్ స్టాప్‌వాచ్‌తో వేగం సరిచూసేవాడు. పాటను మధ్యలో కోస్తే ఈ కష్టమంతా బూడిదలో పోసినట్టే, అందుకే కోయలేదు. బుర్రకథ వాళ్లను మొదటి పాటలో మొఖం కాదు, ఆ బొటనవేలు చూడమనండి.

ఖాతాబుక్కు

పాటల సంగతి డక్కీ అన్న చెప్పిండు. నేను పైసల లెక్క చెప్త. రెండో ఆటల ఒక కాయితం, పెన్సిలు పట్టుకొని కూసుంటె ఈ సినిమా మొత్తం ఒక అప్పుల చిట్టా.

జీన్ కడుపు తీయించనీకి 200 డాలర్లు గావాలె. గదే టైముకు జిమ్ పుణ్యాన కెనెడీ పాటకు స్టూడియోల పిలుపొచ్చింది. పాట అమ్ముడుపోయిన కాడికి వాటా తీసుకో అంటె, నాకు ఇప్పుడే గావాలె అని చేతిల 200 తీసుకొని సంతకం పెట్టిండు. సరే, డాక్టరు దగ్గరికి పోతే ఏమన్నడు? నీ పైసలు వద్దు, పోయినసారి నువ్వు కట్టినయి నా దగ్గరనే ఉన్నయి, ఆ పిల్ల కడుపు తీయించుకోనని ఏక్రన్ పోయింది గదా అన్నడు. అంటె ఆ 200 అసలు అక్కర్నే లేకుండె! వాటా పోయింది. ఆ పాట బాగ పోతదని తర్వాత గోర్ఫైన్ ఇంట్ల అంటుంటె లూయిన్ మొఖం చూడుండ్రి.

ఇగ పాట ఇడిసిపెట్టి ఓడ పని చేద్దామని నావికుల సంఘానికి పోయిండు. పాత బాకీ 148 కట్టిండు. ఓడ ఎక్కాల్నంటె లైసెన్సు గావాలె. అది అక్క దగ్గర పెట్టెల ఉండె. పెట్టె సంగతి అడిగితె వొద్దంటివి గదా అని అక్క పారేసింది. ఎవరన్నరు వొద్దని? ఈయనే, సినిమా మొదట్ల, చిరాకుల. కొత్త లైసెన్సుకు 85. అవి ఎక్కడియి? కట్టిన 148 ఎనకకు రావు. మొదటిసారి చూసినోడు 'పాపం, నసీబు మంచిగ లేదు' అంటడు. లెక్క రాస్తె ఎరుకైతది, నసీబు గాదు. ప్రతి గుండ్రాయి ఈయనే దొర్లించుకున్నడు, అదే తిరిగొచ్చి ఈయన కాలి మీదనే పడ్డది.

ఇంకొకటి. కంపెనీ నుంచి తన రికార్డులు అమ్ముడుపోనియి ఒక అట్టపెట్టెల తెచ్చుకుంటడు. అల్ కోడీ ఇంట్ల పెట్టనీకి జాగ ఎతికితె, బల్ల కింద అచ్చం గసొంటి పెట్టెనే ఉంటది, అది అల్ కోడీవి అమ్ముడుపోని రికార్డులు. మాటల్లేవు. చూపించి ఊకున్నరు. నాకైతె సినిమా మొత్తంల గిదే పెద్ద సీను.

పిల్లి లెక్క సుత గింతనే. ఒక పిల్లి పోయింది, రోడ్డు మీద ఇంకో పిల్లి దొరికింది, తెచ్చి ఇచ్చిండు, అది ఆడపిల్లి! వాళ్లది మగది. అసలుది దానంతట అదే ఇల్లు చేరింది. ఎవరూ దొరకబట్టలె. పేరు ఆఖర్ల చెప్తరు: యులిసిస్, గ్రీకు పురాణంల ఏండ్ల తరబడి తిరిగి తిరిగి ఇల్లు చేరిన రాజు. పిల్లి ఇల్లు చేరింది, మనోడు చేరలె. మొదట్ల లూయిన్ గోర్ఫైన్ ఆఫీసుకు ఫోన్ చేసి పిల్లి నా దగ్గర ఉన్నదని చెప్పమంటె, అవతల ఆమె 'లూయినే పిల్లి' అని రాసుకుంటది. ఒక్క మాట తప్పు, గని తప్పు గాదు.

పెద్దపట్నం

చర్చ బాగుంది. ఒక్క అభ్యంతరం. ఒగ్గు, బుర్రకథ కళాకారులతో లూయిన్‌ను పోల్చి ఇద్దరిదీ ఒకటే కష్టం అంటే, హాల్లో కూర్చున్న పెద్దమనుషులే మిమ్మల్ని నిలదీస్తారు. ఒకటి కాదు.

మన దగ్గర పాటకు ఊరి మీద హక్కు ఉంది. కథ చెప్పే ప్రతి వాళ్లకూ పోషించే కులం ఉంటుంది: ఒగ్గువాళ్లకు గొల్లకురుమలు, కాకిపడగల వాళ్లకు ముదిరాజులు, కూనపులి వాళ్లకు పద్మశాలీలు, చిందువాళ్లకు మాదిగలు, గౌడజెట్టీలకు గౌడులు. ఏ ఊళ్లు ఎవరివో మిరాశీ (వంశపారంపర్య హక్కు) ప్రకారం పంచుకుని ఉంటాయి. కథ చెప్పినందుకు ఇచ్చేది బిచ్చం కాదు, కూలీ కాదు, త్యాగం అంటారు. ఇవ్వకపోతే అడిగే హక్కు ఉంది. వినేవాడికి నచ్చిందా లేదా అన్నది రెండో మాట. బీరప్ప కథ, మల్లన్న కథ చెప్పకపోతే ఆ ఇంట్లో కార్యం పూర్తి కాదు. లూయిన్‌కు ఇవేవీ లేవు. అతని పాట వినకపోతే ఎవరి పెళ్లీ ఆగదు, ఎవరి పండుగా ఆగదు.

రెండో సంగతి, ఆ పాటలు అతని కులానివి కావు, ఊరివి కావు. 1950ల చివర, 60ల మొదట్లో పట్నపు కుర్రాళ్లు పాత రికార్డుల నుంచి, పుస్తకాల నుంచి, ఒకరి నుంచి ఒకరు పల్లె పాటలు నేర్చుకుని కెఫేల్లో పాడిన కాలం అది. సినిమాకు ఆధారం ఆ కాలపు పాటగాడు డేవ్ వాన్ రాంక్ జ్ఞాపకాలు, ఆయన న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మనిషి. ఇప్పుడు ఆటోహార్ప్ ఆవిడను మళ్లీ చూడండి. ఆ పాటలు పుట్టిన పల్లె నుంచి వచ్చినది, మొత్తం సినిమాలో దాదాపు ఆమె ఒక్కతే. పల్లె పాటలు పాడి బతుకుదామనుకున్నవాడు నిజమైన పల్లె మనిషి కనపడగానే ఎగతాళి చేశాడు. ఆమె భర్త కొట్టిన దెబ్బకు ఈ అర్థం కూడా ఉంది. జంక్షన్ గారు అత్త, దుత్త అని తేల్చేశారు కానీ, అక్కడ ఆ దుత్త ఎవరన్నది ముఖ్యం.

కాబట్టి లూయిన్‌కు మన దగ్గర సరిజోడు ఒగ్గు పూజారి కాదు. జానపదం నేర్చుకుని, హైదరాబాద్‌లో స్టేజీల మీద, యూట్యూబ్ చానళ్లలో పాడి బతకాలని చూసే కుర్రాడు.

డక్కీ_దరువు

ఒప్పుకుంటున్నా. నేను వంత అన్నది పాట కట్టుబడి వరకే, బతుకుదెరువు వరకు లాగకూడదు. మీ మాటకు ఒక సాక్ష్యం మన దగ్గరే ఉంది: 2023లో వచ్చిన 'బలగం' ఆఖర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పాట. అక్కడ పాట చావింట్లో తన పని తాను చేస్తుంది, అన్నదమ్ములను కూర్చోబెట్టి ఏడిపిస్తుంది. ఆ పాటకు ఇంట్లో చోటుంది, గొంతుకు జత గొంతుంది. లూయిన్‌కు ఈ రెండూ లేవు. రెండో ఆట తర్వాత చర్చ పెడితే ఇక్కడి నుంచి మొదలుపెట్టండి రీలు గారూ, ఒగ్గువాళ్లే నడిపిస్తారు.

రీలు_తిరుగుతది

మస్తు సంగతులు చెప్పిండ్రు. పెద్దపట్నం సార్ మాట చర్చల తప్పకుంట పెడ్త. ఇగ హాలు సంగతి. తెలుగు సబ్‌టైటిళ్లు మేమే రాసుకుంటున్నం. ల్యాప్‌టాప్, మామూలు ప్రొజెక్టర్, రెండు స్పీకర్లు. నేల చదునుగ ఉంటది, మెట్లు లెవ్వు. ఏమేం చూసుకోవాలె?

ప్రొజెక్టర్_రూమ్

ముందు అనుమతి. ఓటీటీ ఖాతా ఇంట్లో చూడడానికే, హాల్లో నలుగురికి వేయడానికి కాదు. టికెట్టు పెట్టకపోయినా హక్కులున్నవాళ్ల దగ్గర ప్రదర్శన లైసెన్సు తీసుకోవాలి. ఇది ముందే తేల్చుకోండి, పోస్టర్ అచ్చేశాక కాదు. బూతులు బాగా ఉన్నాయి, అబార్షన్, మత్తుమందు సంగతులు ఉన్నాయి, కాబట్టి 18 దాటినవాళ్లకే అని పోస్టర్ మీదే వేయండి.

రంగు. ఈ సినిమా పాలిపోయి, బూడిద పచ్చగా, మంచు పొగ పట్టినట్టు ఉంటుంది. ఛాయాగ్రాహకుడు బ్రూనో డెల్బొనెల్ ఫిల్ము మీద తీసి, డిలాన్ రెండో రికార్డు అట్ట మీది ఫొటోలోని చలికాలపు వెలుగును పట్టుకున్నాడు. ప్రొజెక్టర్‌లో 'వివిడ్' మోడ్ ఉంటే రంగులు లేపి ఆ చలిని చంపేస్తుంది. 'సినిమా' మోడ్ పెట్టండి, బొమ్మను నున్నగా చేసే మోషన్ సెట్టింగ్ ఆపేయండి. గ్యాస్‌లైట్ సీన్లు, రాత్రి కారు సీన్లు చీకటి. కిటికీ తెరల సందుల్లోంచి వెలుగు వస్తే అవి నల్ల మచ్చలే. ఫిబ్రవరి, మార్చి అయితే ఏడు తర్వాత మొదలుపెట్టండి. తెర కింద, పైన సన్నటి నల్లగీత వస్తుంది, కంగారుపడి జూమ్ చేయకండి, సినిమా ఫ్రేము వెడల్పు ఎత్తుకు 1.85 రెట్లు, మీ ప్రొజెక్టర్‌ది 1.78 రెట్లు, అందుకే.

తెర ఎత్తు. చదును నేల మీద కూర్చున్న మనిషి తల సుమారు నాలుగు అడుగులు. తెర కింది అంచు నాలుగున్నర అడుగుల పైన లేకపోతే రెండో వరస నుంచి సబ్‌టైటిళ్లు ఎవరికీ కనపడవు. అంత ఎత్తు కుదరకపోతే సబ్‌టైటిళ్లను తెర పైభాగానికి మార్చండి. కుర్చీలు వరసకు వరస సగం జరిపి వేయండి.

శబ్దం. సినిమా ఐదు స్పీకర్లకు కలిపింది, మాటలు మధ్య స్పీకర్‌లో ఉంటాయి. మీకు రెండే ఉన్నాయి కాబట్టి ప్లేయర్‌లో స్టీరియోకు దించమని పెట్టకపోతే గిటారు వినపడుతుంది, మాట పల్చబడిపోతుంది. సౌండ్ స్థాయి మొదటి పాట మీద సరిచేయండి, మాటల మీద కాదు. పాట గదిలో మన ఎదుట పాడినట్టు ఉండాలి, మైకు పెట్టినట్టు కాదు. ఒకసారి పెట్టాక ముట్టుకోకండి. పాటకు పెంచి మాటకు తగ్గిస్తే డక్కీ గారు చెప్పిన ఆ ఖాళీలన్నీ పోతాయి.

సబ్‌టైటిళ్లలో చాలామంది దెబ్బతినేది మూడు చోట్ల. ఫైలు యూటీఎఫ్-8 అనే అక్షర పద్ధతిలో దాచకపోతే తెర మీద డబ్బాలు, ప్రశ్నార్థకాలు వస్తాయి. కొన్ని ప్లేయర్లు తెలుగు ఒత్తులు విడగొట్టి పక్కన పెడతాయి, 'స్త్రీ' లాంటి మాట వేసి పరీక్షించండి. చెడితే సబ్‌టైటిళ్లను వీడియోలోనే కాల్చేయించాలి, అంటే బొమ్మలోనే కలిపేయించాలి. మూడోది వేగం. సబ్‌టైటిల్ ఫైలు సెకనుకు 25 ఫ్రేముల కాపీకి రాసి, మీ సినిమా 24 ఫ్రేములది అయితే మొదట్లో కొన్ని సెకన్ల తేడాయే ఉంటుంది, ఆఖరికి వచ్చేసరికి నాలుగు నిమిషాలకు పైగా తేడా వస్తుంది. మొదట్లో ఆ కొన్ని సెకన్లే కదా అనుకుంటారు, అక్కడే మోసం. ఎప్పుడూ ఆఖరి పాట దగ్గర పరీక్షించండి.

పాటలకు వరస వరసకు అనువాదం వేయకండి. జనం చదువుతూ బొటనవేలు చూడరు. ప్రతి పాట ముందు ఒక్క లైను చాలు: 'రాణి జేన్ ప్రసవ వేదన పాట' అని. పాట నడుస్తున్నంతసేపూ తెర ఖాళీగా ఉంచండి. మాటల చోట రెండు లైన్లు దాటొద్దు. లూయిన్ తిట్లను మెత్తబరచకండి, అతను మెత్తగా మాట్లాడితే కథే లేదు.

ఇంటర్వెల్ నా మాట అయితే వద్దు, మొత్తం గంటా నలభై అయిదు నిమిషాలే. తప్పదంటే షికాగో కారు ఎక్కే ముందు ఆపండి. తిరుగు ప్రయాణంలో ఆపితే మళ్లీ కూర్చోబెట్టలేరు.

రీలు_తిరుగుతది

ఇంటర్వెల్ తీసేసినం, చాయ్ ముందే పోస్తం. 'స్త్రీ' పరీక్షల మా ప్లేయర్ ఫెయిలైంది, కాల్చేయించుడే. ఒక్కటే మిగిలింది: తిరుగు దారిల రాత్రి కారు కింద ఏదో తగుల్తది గదా, అది వాళ్లు కారుల ఇడిసిపెట్టిన పిల్లేనా? మా క్లబ్బుల దీని మీద రెండు పార్టీలు అయినయి.

కాజీపేట_జంక్షన్

సినిమా చెప్పదు. ఆ ఆడపిల్లిని వదిలేసింది షికాగో వెళ్లే దారిలో, తోడొచ్చిన జాజ్ సంగీతకారుడు రోలండ్ టర్నర్ స్పృహ లేకుండా పడి ఉన్న కారులో. గుద్దింది తిరిగి వస్తూ, వేరే కారులో, వేరే రాత్రి. దెబ్బ తగిలిన జంతువు కుంటుతూ అడవిలోకి పోతుంది, లూయిన్ దిగి చూస్తాడు, బంపర్ మీద నెత్తురు చూస్తాడు, మళ్లీ ఎక్కుతాడు. ఆ పిల్లే అయ్యే అవకాశం దారి లెక్కన చాలా తక్కువ. కానీ లూయిన్ మొఖం చూస్తే అతని లెక్కలో అది ఆ పిల్లే అని మనకు తెలుస్తుంది. రెండు పార్టీలనూ పక్కపక్కన కూర్చోబెట్టి ఆ సీను చూపించండి.